ఇరుసు బరువు, తారు ఓర్పు

కంకర క్వారీ నుంచి హైవే దాకా వేసిన తారు రోడ్డును ఒకసారి గమనించండి. లోడు టిప్పర్లు బయటికొచ్చే వైపు తారు చిట్లిపోయి, చక్రాలు నడిచే చోట గాడి పడి, అక్కడక్కడా గుంతలు తేలి ఉంటుంది. ఖాళీ టిప్పర్లు లోపలికెళ్లే వైపు అదే రోడ్డు ఇంకా నల్లగా, సాపుగా కనిపిస్తుంది. రెండు వైపులా వేసింది ఒకే కాంట్రాక్టరు, మాలు వచ్చింది ఒకే హాట్‌మిక్స్ ప్లాంటు నుంచి. వాన రెండు వైపులా కురిసింది, ఎండ రెండు వైపులా కాసింది. బండ్ల సంఖ్యలోనూ తేడా లేదు. లోపలికెళ్లిన ప్రతి టిప్పరూ బయటికి రాక తప్పదు కదా. తేడా అంతా బరువుదే.

పది టైర్ల టిప్పరు నిండా లోడైతే, ఖాళీగా ఉన్నప్పటికన్నా సుమారు రెండున్నర రెట్లు తూగుతుంది. రోడ్డుకు జరిగే నష్టం మాత్రం రెండున్నర రెట్ల దగ్గర ఆగదు. దాదాపు నలభై రెట్లవుతుంది. ఈ నలభై ఎక్కడిది అన్నదే రోడ్డు శాస్త్రంలో అసలు కథ. వానాకాలం రాగానే పత్రికల్లో గుంతల ఫొటోలు పడతాయి, వాననూ కాంట్రాక్టరునూ కలిపి తిట్టుకుంటాం. ఇద్దరికీ ఇందులో వాటా ఉంది. అయినా జూలైలో కనిపించే గుంత జూలైలో పుట్టింది కాదు. రోడ్డు ఇంకా కొత్త నలుపుతో మెరుస్తున్న రోజుల్లోనే, పైనుంచి కనపడని లోతులో దానికి పునాది పడింది.

ఆ లోతులో ఏముందో ముందు చూద్దాం. అన్నిటికన్నా అడుగున గట్టిగా తొక్కించిన మట్టి ఉంటుంది, ఇంజనీర్లు దాన్ని సబ్‌గ్రేడ్ అంటారు. దాని మీద గ్రావెల్, మొరం లాంటివాటితో జీఎస్‌బీ పొర. కిందికి దిగిన నీరు పక్కకు పోయే దారి కూడా ఇదే. ఆపైన పెద్దా చిన్నా కంకరను తగినంత నీటితో కలిపి రోలర్‌తో అణిచిన వెట్‌మిక్స్. దాని మీద తారు కలిపిన పొరలు: మందంగా డీబీఎం, అన్నిటికన్నా పైన పలచగా బీసీ. జాతీయ రహదారి మీద సైతం ఈ తారు పొరలన్నీ కలిపి సాధారణంగా జానెడు మందం ఉండవు. పల్లె రోడ్డు మీదైతే 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్, దాని మీద సీల్‌కోటు, అంతే.

లారీ టైరు రోడ్డును ఆనే చోటు రెండు మూడు అరచేతులంత. ఆ కాస్త జాగాలో చదరపు అంగుళానికి వంద పౌండ్ల దాకా ఒత్తిడి పడుతుంది. అది నేరుగా మట్టి మీద పడితే చక్రం దిగబడిపోతుంది. అందుకే ఒక్కో పొర తన మీద పడ్డ బరువును ఇంకాస్త విశాలంగా పరిచి కింది పొరకు అప్పగిస్తుంది. మట్టిని చేరేసరికి ఒత్తిడి అది ఓర్చుకోగలిగినంతకు తగ్గాలి. రోడ్డు డిజైను అంటే ప్రధానంగా ఈ లెక్కే.

బరువును పంచే క్రమంలో రోడ్డు కొంచెం కుంగుతుంది, లారీ దాటగానే మళ్లీ లేస్తుంది. కంటికి కనపడదు గానీ కొలవడం కష్టం కాదు. 1950ల మొదట్లో అమెరికన్ ఇంజనీరు బెంకెల్‌మన్ దీనికి ఒక పొడవాటి బీమ్ తయారు చేశాడు. మన ఇంజనీర్లూ దశాబ్దాలుగా దాన్నే వాడారు. లోడు లారీ వెనక జంట చక్రాల సందులోకి బీమ్ మొన చొప్పిస్తారు, లారీని నెమ్మదిగా ముందుకు పోనిస్తారు, రోడ్డు ఎంత పైకి లేచిందో డయల్ గేజీ మీద చదువుతారు. గట్టి రోడ్డయితే అర మిల్లీమీటరు, డస్సిపోయినదైతే ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. ఇప్పుడు బరువును పైనుంచి జారవిడిచి కుంగుబాటును కొలిచే యంత్రాలు వచ్చాయి. సూత్రం మాత్రం పాతదే.

పొర కుంగినప్పుడు వంగుతుంది. వంగితే పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. ఆ సాగుడు మీటరు పొడవుకు మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటే గొప్ప. ఒక్కసారికి దానితో ఏమీ కాదు. కానీ ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచుతూ పోతే ఏదో ఒక వంపు దగ్గర తెగుతుంది. ఏ ఒక్క వంపూ దాన్ని తెంపేంత బలమైనది కాకపోయినా. తారు పొర సంగతీ అంతే. లక్షల సార్లు సాగి, సాగి, అడుగున సన్నటి చీలిక మొదలవుతుంది. ఒక్కో లారీ దాన్ని ఇంకాస్త పైకి తోస్తుంది. ఏళ్ల తర్వాత చక్రాలు నడిచే దారిలో, రోడ్డు పొడవునా, సన్నటి గీత పైకి తేలుతుంది. దాని పక్కన ఇంకొకటి. ఆ రెంటినీ కలుపుతూ అడ్డగీతలు. చివరికి తారు మొత్తం చిన్న చిన్న పలకలుగా విడిపోతుంది. ఇంజనీర్లు దీన్ని మొసలి తోలు పగుళ్లు అంటారు, చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో అడగక్కర్లేదు.

తెలుసుకోవాల్సిన విషయం ఏమిటంటే, మనకు గీత కనిపించేసరికి పగులు ప్రయాణం ముగిసింది. అది కింద మొదలై పైకి వచ్చింది. దాని మీద పలచగా తారు పూస్తే గీత మూసుకుపోతుంది, కింద చీలిక చీలికగానే ఉంటుంది. కొన్నాళ్లకు కొత్త తారులోంచి అదే గీత, అదే చోట పైకొస్తుంది. మందమైన తారు పొరల్లో ఇంకో రకం కూడా ఉంది. ఎండకు పెళుసెక్కిన పై పొరను టైరు అంచుల ఒత్తిడి చీలుస్తుంది, పగులు పైనుంచి కిందికి దిగుతుంది. ఏది ఏ రకమో తెలియాలంటే రోడ్డులోంచి డ్రిల్లుతో గుండ్రటి ముక్క తీసి చూడాల్సిందే.

ఇక ఆ నలభై రెట్ల సంగతి.

1950ల్లో అమెరికా తన అంతర్రాష్ట్ర రహదారుల జాలాన్ని పరచడానికి సిద్ధమైంది. రోడ్డు ఎంత మందం వేయాలి? లారీ ఎంత బరువు మోయొచ్చు? ఏ బండి నుంచి ఎంత పన్ను రాబట్టాలి? ఒక్కో రాష్ట్రం ఒక్కో మాట చెప్పేది. అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం, ఆషో, ఈ వాదన తేల్చడానికి ఇలినాయ్ రాష్ట్రంలో ఒట్టావా అనే ఊరి దగ్గర పొలాల మధ్య ఆరు రోడ్డు వలయాలు కట్టించింది. ఖర్చు 2.7 కోట్ల డాలర్లు. తారువీ సిమెంటువీ కలిపి 836 రోడ్డు ముక్కలు, వేర్వేరు మందాల్లో, ఒకదాని పక్కన ఒకటి. ఒక వలయం మీద అసలు బండ్లే నడపలేదు, వాతావరణం ఒక్కటే రోడ్డును ఏం చేస్తుందో చూడ్డానికి. మిగతా అయిదింటి మీద ఒక్కో వరసకు ఒక్కో బరువు కేటాయించారు. అతి తేలికైనది ఇరుసుకు 2,000 పౌండ్లు, అతి బరువైనది ఒంటి ఇరుసుకు 30,000.

లారీలు నడిపింది సైనికులు. 1958 చివరలో మొదలుపెట్టి 1960 నవంబరు దాకా, రోజుకు 18 గంటలకు పైగా, ఆ వలయాల్లోనే తిరిగారు. ఎక్కడికీ చేరని డ్యూటీ అది. ఆ డ్రైవర్ల విసుగును ఏ నివేదికా కొలిచి ఉండదు. ఆపేసరికి ఒక్కో వరస మీద 11,14,000 సార్లు ఇరుసులు దాటాయి. మధ్యమధ్యలో గతుకులు, గాడుల లోతు, పగుళ్ల విస్తీర్ణం కొలిచారు. రోడ్డు ఎంత బాగుందో మార్కులు వేయడానికి రకరకాల వృత్తుల వాళ్లను కార్లలో తిప్పి 0 నుంచి 5 దాకా వేయమన్నారు. ఆ మార్కులకూ కొలతలకూ లంకె కట్టి ఒక సూచిక తయారు చేశారు. సూచిక 1.5కి పడిపోయిన ముక్క పని అయిపోయినట్టు లెక్క.

ఆ లెక్కల కుప్పలోంచి తేలినదే నాలుగో ఘాతం నియమం. ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం రెండింతలు కాదు, రెండును నాలుగుసార్లు హెచ్చవేసినంత, అంటే పదహారింతలు. మూడు రెట్లయితే ఎనభై ఒకటి. రెండున్నర రెట్లయితే ముప్పై తొమ్మిది చిల్లర. క్వారీ రోడ్డు మీద మనం చూసింది అదే. 18,000 పౌండ్ల ఇరుసును వాళ్లు కొలబద్దగా పెట్టుకున్నారు. మన కొలతల్లో 8.16 టన్నులు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 37 కూడా ఈ ఇరుసుతోనే రోడ్డు ఆయుష్షును లెక్కిస్తుంది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 20 ఏళ్లు అని రాసుకున్నా, డిజైనులో ఆ ఏళ్లు ఇన్ని లక్షల ప్రామాణిక ఇరుసులు అనే అంకెగా మారిపోతాయి. రద్దీ అనుకున్నదానికన్నా బరువైనదైతే ఆ అంకె ఎనిమిదేళ్లకే నిండిపోవచ్చు.

నాలుగు అనేది ప్రకృతి చెక్కిన అంకె కాదు. మట్టిని బట్టి, మందాన్ని బట్టి, పగులునా గాడినా దేన్ని లెక్కిస్తున్నాం అన్నదాన్ని బట్టి అది కొంత ఎక్కువా తక్కువా అవుతుంది. మన ఐఆర్‌సీ 37లో సాగుడుకూ పగుళ్లకూ మధ్య ఘాతం 3.89, మట్టి నలుగుడుకూ గాడికీ మధ్య 4.53. రెండూ నాలుగు చుట్టూనే తిరుగుతున్నాయి. ఒట్టావా లెక్క అరవై ఏళ్లు దాటినా కొట్టివేయకుండా వాడుకలో ఉండటానికి కారణం ఇదే.

దీన్ని మన లారీలకు అన్వయించి చూడండి. ఇరుసు మీద ఇరవై శాతం ఎక్కువ వేస్తే నష్టం రెట్టింపు. ఇరుసు మీద 10.2 టన్నులకు బదులు 15 టన్నులు పెడితే, ఆ ఒక్క ట్రిప్పు రోడ్డు నుంచి దాదాపు అయిదు ట్రిప్పుల ఆయుష్షు తీసేస్తుంది. ఇసుక టిప్పరు యజమానికి ఒక ట్రిప్పు డీజిలు మిగిలింది నిజమే. పోయింది ఎవరి జేబులోంచి అన్నది రెండేళ్లకు తెలుస్తుంది.

2018లో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు అనుమతించే బరువును 10.2 నుంచి 11.5 టన్నులకు, జంట ఇరుసుకు 19 నుంచి 21 టన్నులకు పెంచింది. ఎలాగూ ఓవర్‌లోడ్ చేస్తున్నారు, చట్టబద్ధం చేస్తే రవాణా ఖర్చయినా తగ్గుతుందన్న వాదన ఉంది, అందులో కొంత నిజం లేకపోలేదు. ఒంటి ఇరుసు బరువు పెరిగింది పదమూడు శాతం లోపే. నాలుగో ఘాతంతో లెక్కేస్తే ఒక్కో ఇరుసు చేసే నష్టం అరవై శాతం పెరిగింది. పాత పరిమితిని నమ్ముకుని కట్టిన రోడ్లకు ఆ అరవై శాతం ఎవరూ ముందుగా చెప్పలేదు.

ఇదే లెక్క ఊరటా ఇస్తుంది. ఒకే బరువును ఒక ఇరుసుకు బదులు రెండింటి మీద పరిస్తే నష్టం సుమారు ఎనిమిదో వంతుకు దిగుతుంది. సరుకు తగ్గించక్కర్లేదు, చక్రాలు పెంచితే చాలు. పన్నెండు, పద్నాలుగు టైర్ల లారీలు చూడ్డానికి భయం పుట్టించినా, కిక్కిరిసిన రెండిరుసుల లారీ కన్నా రోడ్డుకు అవే నయం. అయితే టైర్లు అరగకూడదని లోడు మీద ఉన్నప్పుడు కూడా లిఫ్ట్ యాక్సిల్‌ను పైకెత్తి నడిపే వాళ్లున్నారు. అలాంటప్పుడు ఆ అదనపు ఇరుసు కాగితం మీదే ఉన్నట్టు.

కారు సంగతంటారా? ఇరుసుకు 600 కిలోల చొప్పున తూగే కారు 17,000 సార్లు వెళితే ఒక్క ప్రామాణిక ఇరుసు ఒక్కసారి వెళ్లినంత. బైకును లెక్కలోకే తీసుకోరు. గుంతలో పడి చెయ్యి విరగ్గొట్టుకునేది మాత్రం ఎక్కువగా ఆ బైకు మీది మనిషే.

బరువు ఒక్కటే అయితే లెక్క తేలిక. తారు అనే పదార్థం తేలికైనది కాదు. మనం తారు అంటున్నది బిటుమెన్, ముడిచమురును వేడిచేసి పెట్రోలు, కిరోసిన్, డీజిలు లాంటివన్నీ తీసేశాక అడుగున మిగిలేది. విశాఖపట్నం రిఫైనరీలోనూ ఇది తయారవుతుంది. ఇది ఘనమూ కాదు, ద్రవమూ కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు ఇలాంటి నల్లటి కీలును గాజు గరాటులో పోసి, గట్టిపడ్డాక 1930లో కింది మూతి కోశాడు. సుత్తితో కొడితే పెళ్లలుగా పగిలే పదార్థం అది. గరాటులోంచి మాత్రం బొట్టు బొట్టుగా జారుతోంది. 2014 దాకా రాలినవి తొమ్మిది బొట్లు.

ఈ రెండు గుణాలూ రోడ్డు మీద రోజూ కనిపిస్తాయి. వేగంగా దాటే లారీకి తారు గట్టిగా ఎదురు నిలుస్తుంది, వెంటనే కోలుకుంటుంది. అదే లారీ సిగ్నల్ దగ్గర ఆగి, కదిలి, మళ్లీ ఆగితే తారుకు జారేంత సమయం దొరుకుతుంది. పెద్ద కూడళ్లలో, బస్టాపుల్లో, ఘాట్ ఎక్కుళ్లలో గాడులు లోతుగా పడటానికి, బ్రేకు వేసే చోట తారు కుప్ప పడి ముడతలు తేలడానికి కారణం ఇది. టోల్‌గేట్ల దగ్గర తారు ఆపేసి సిమెంటు కాంక్రీటు వేయడం ఊరికే కాదు.

దీనికి ఎండ తోడవుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం తారు ఉపరితలం 60 డిగ్రీలు దాటడం మామూలే. ఐఆర్‌సీ 37 అంకెల ప్రకారమే, 20 డిగ్రీల దగ్గర తారు మిశ్రమానికి ఉన్న బిరుసు 40 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. అందుకే మనదేశంలో బిటుమెన్‌ను చిక్కదనాన్ని బట్టి వీజీ 10, 20, 30, 40 అని వర్గీకరించి, వేడి ప్రాంతాల్లో బరువైన రద్దీకి వీజీ 40 వాడమంటారు. ఆ చిక్కదనం కొలిచేది 60 డిగ్రీల దగ్గర. మన వేసవి రోడ్డు వేడి అదే. మరీ గట్టి తారుతో ఇంకో చిక్కుంది. వయసు పైబడ్డాక అది త్వరగా పెళుసెక్కి పగులుతుంది. గాడి పడకుండా గట్టిగా ఉండాలి, పగలకుండా మెత్తగా ఉండాలి. ఈ రెండు కోరికల మధ్య రాజీయే తారు మిశ్రమం.

ఆ రాజీని నిలబెట్టేదీ చెడగొట్టేదీ మిశ్రమంలో మిగిలే గాలి. రోలింగ్ అయ్యాక, కొన్నాళ్లు బండ్లు తిరిగాక, తారు పొరలో నాలుగు శాతం చుట్టూ ఖాళీ ఉండాలి. అంతకన్నా బాగా తగ్గితే వేసవిలో తారు ఉబకడానికి చోటులేక పైకి తేలుతుంది, గాడి పడుతుంది. ఎనిమిది శాతం దాటితే ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి గాలికీ నీటికీ దారి ఇస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తారును లోపలినుంచి ముదరబెడుతుంది, నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. పొరలో గాలి ఒక్క శాతం ఎక్కువ మిగిలితే రోడ్డు ఆయుష్షు సుమారు పదో వంతు పోతుందని ఇంజనీర్లలో బాగా వాడుకలో ఉన్న అంచనా.

మరి గాలి ఎందుకు మిగులుతుంది? మాలు చల్లారిపోయాక రోలర్ నడపడం వల్ల. ప్లాంటులో మిశ్రమం 150 డిగ్రీల పైన తయారవుతుంది. 90 డిగ్రీలకు పడిపోయేలోపు రోలింగ్ పూర్తవ్వాలి. టిప్పరు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, టార్పాలిన్ కప్పకపోయినా, చిరుజల్లు పడినా ఆ గడువు కరిగిపోతుంది. ఎవరో పెద్దాయన వస్తున్నాడని రాత్రికి రాత్రి పరిచే తారుకు ఈ గడువు ఎవరు చూస్తారు? చల్లారిన మాలును ఎన్నిసార్లు తొక్కించినా అది దగ్గరికి రాదు. పైకి మాత్రం నున్నగానే ఉంటుంది.

ఇప్పుడు నీటి దగ్గరికి వద్దాం. ఒట్టావా వలయాల్లో తారు ముక్కలు ఏడాది పొడవునా సమానంగా పాడవ్వలేదు. మంచు కరిగి నేల నానిపోయే వసంతకాలంలోనే చాలా ముక్కలు కుప్పకూలాయి. అవే లారీలు, అదే బరువు. కింది పొర తడిసి బలం కోల్పోయేసరికి పై పొర ఎక్కువ వంగింది, ఎక్కువ సాగింది. అక్కడ మంచు చేసిన పనిని ఇక్కడ నైరుతి రుతుపవనాలు చేస్తాయి.

నీరు రెండు చోట్ల దెబ్బ తీస్తుంది. మొదటిది రాయికీ తారుకూ మధ్య. తెలంగాణలో, రాయలసీమలో కంకర ఎక్కువగా గ్రానైటు జాతిది. సిలికా ఎక్కువున్న ఈ రాయికి నూనె కన్నా నీరే ఇష్టం. సున్నపురాయి తారును గట్టిగా పట్టుకుంటుంది, గ్రానైటు అంతగా పట్టుకోదు. పగులులోంచి దిగిన నీటిని టైరు నొక్కినప్పుడల్లా అది రాయి మీది తారు పొరను కొంచెం కొంచెంగా ఒలుస్తుంది. ఒలిచిన రాయి విడిపోయి పక్కకు ఎగిరిపడుతుంది. వానల తర్వాత రోడ్డు అంచున పేరుకునే చిప్స్ అవే. మిశ్రమంలో కొద్దిగా సున్నప్పొడి కలిపితే ఈ పట్టు బాగా మెరుగవుతుంది.

రెండో దెబ్బ ఇంకా లోతున. పగులు కింద వెట్‌మిక్స్‌లో నీరు నిలుస్తుంది. చక్రం పైనుంచి నొక్కగానే ఆ నీరు సన్నటి మట్టిని వెంటబెట్టుకుని పగులులోంచి పైకి చిమ్ముతుంది. చక్రం దాటగానే పగులు కొత్త నీటిని లోపలికి పీలుస్తుంది. రోజంతా ఇదే పని. కింద మట్టి ఖాళీ అయిన చోట తారు పలకకు ఆసరా ఉండదు, తర్వాతి లారీకి అది ఊడివస్తుంది. అదే గుంత. పలకల చుట్టూ తెల్లగానో ఎర్రగానో మట్టి మరక కనిపిస్తే రోడ్డు కింద గూడు పడుతోందని అర్థం.

బరువు లేకుండానే పగిలే రోడ్లు కూడా ఉన్నాయి. ఆదిలాబాద్, నంద్యాల, గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో నీరు పడితే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమన్ను ఉంటుంది. వేసవిలో రోడ్డు అంచుల కింద నేల ఎండి దిగుతుంది, మధ్యలో మాత్రం తారు కప్పిన మట్టి తడిగానే ఉంటుంది. ఈ లాగుడుకు రోడ్డు పొడవునా, అంచుకు కాస్త లోపలగా, వేలు దూరేంత చీలిక తెరుచుకుంటుంది. లారీ ఒక్కటి రాకపోయినా అది తెరుచుకుంటుంది. తొలకరిలో నీరంతా అందులోకే పోతుంది. ఇక్కడ పైన తారు ఎంత మందం వేసినా వృథా. కింది మట్టిలో సున్నం కలపాలి, లేదా ఉబ్బని మట్టిని మందంగా పరవాలి.

పల్లె రోడ్ల బాధ ఇంకో తీరు. 20 మిల్లీమీటర్ల తారుకు బరువు పంచే శక్తి ఉండదు, అది వాన నీటికి అడ్డుపెట్టిన మూత మాత్రమే. నాట్లప్పుడు ట్రాక్టరును పొలంలోంచి తీసి ఇనుప కేజ్ వీల్స్‌తోనే రోడ్డెక్కించి పక్క చేనుకు తోలితే ఆ మూతకు వరసగా చిల్లులు పడతాయి. కేజ్ వీల్స్ విప్పి బిగించడం ఎంత చాకిరీనో తెలిసినవాళ్లు ఆ డ్రైవర్ను తిట్టలేరు. చిల్లులు మాత్రం చిల్లులే.

తారుకు కొంత సొంత వైద్యం కూడా తెలుసు. వేడెక్కి, కాసేపు బరువు లేకుండా విశ్రాంతి దొరికితే సన్నటి చీలికల అంచులు మళ్లీ అతుక్కుంటాయి. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పట్టుకుని, తారులో ఉక్కు పీచు కలిపి, పైనుంచి అయస్కాంత క్షేత్రంతో వేడిచేస్తే పగుళ్లు పూడుతున్నాయని చూపించారు. 2010లో అక్కడి ఎ58 రహదారి మీద ఒక ముక్క వేశారు కూడా. రాత్రీ పగలూ లారీలు ఆగని మన హైవేలకు ఆ విశ్రాంతే దొరకదు.

ఐఆర్‌సీ 37 లెక్కలో రోడ్డు ఉపరితలంలో ఇరవై శాతం పగిలినా, గాడి 20 మిల్లీమీటర్ల లోతుకు చేరినా దాని ఆయుష్షు తీరినట్టే. మనం మేలుకునేది సాధారణంగా ఆ గీత దాటాక. అప్పుడు ప్యాచ్ వర్క్ అని తడి గుంతలో చల్లని మాలు పోసి పారతో అదిమి వెళ్తారు, అది పదిహేను రోజులకే లేచిపోతుంది. డబ్బు ఖర్చు కావాల్సిన చోటు అది కాదు. సన్నటి పగుళ్లను వేసవిలో తారుతో పూడ్చడం, రోడ్డుకు రెండు వైపులా కాలువ తవ్వి ఉంచడం, గడ్డి పెరిగి రోడ్డు కన్నా ఎత్తైన అంచులను చెక్కి నీరు జారేలా చేయడం, క్వారీ ముందూ ఇసుక రేవు ముందూ కాటా పెట్టి నిజంగా తూచడం: వీటిలో ఏదీ కొత్త రోడ్డంత ఖరీదు కాదు. వీటిలో దేనికీ శిలాఫలకం వేయలేరు, అందుకే ఏదీ సరిగా జరగదని నా అభిప్రాయం.

మీ ఊరి రోడ్డు మీద చక్రాల దారిలో సన్నటి గీతలు, పగుళ్ల చుట్టూ మట్టి మరకలు, పూడిపోయిన పక్క కాలువ కనిపిస్తే, ఆ రోడ్డు ఆర్ అండ్ బీదో పంచాయతీరాజ్‌దో కనుక్కుని సంబంధిత ఏఈకి ఫొటోతో సహా రాసివ్వండి. ఏప్రిల్‌లో ఇవ్వండి, మే దాటనివ్వకండి. పగులు పూడ్చాలంటే లోపల పొడిగా ఉండాలి, మొదటి వాన పడ్డాక ఆ అవకాశం మళ్లీ జనవరి దాకా రాదు.